సియోల్ లాంతర్ల పండగ, మన నాగార్జునుడు

అందరికీ నమస్కారం.

వచ్చే శనివారం జోంగ్నో వీధిలో బుద్ధుడి పుట్టినరోజు లాంతర్ల ఊరేగింపు ఉంది, దాని గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. మనలో చాలామంది ఏటా వెళ్తూనే ఉన్నారు. ఫోటోలు తీసుకుంటాం, ఇంటికి పంపిస్తాం, అయిపోతుంది. వాళ్ల పండగ కదా అని ఓ పక్కన నిలబడి చూసి వచ్చేస్తాం. అంత ఎడంగా నిలబడాల్సిన అవసరం తెలుగువాళ్లకు లేదనేదే నేను చెప్పబోయేది.

కొరియాలో బుద్ధుడి పుట్టినరోజు చాంద్రమానం ప్రకారం నాలుగో నెల ఎనిమిదో రోజు. 1975 నుంచి ప్రభుత్వ సెలవు. దీపాల వేడుక మాత్రం బాగా పాతది. 866లో సిల్లా అనే పాత కొరియా రాజ్యపు రాజు హ్వాంగ్న్యోంగ్సా ఆలయానికి వెళ్లి దీపాలు చూశాడని వీళ్ల చరిత్ర గ్రంథంలో ఉంది. తర్వాతి కాలపు జోసన్ వంశపు రాజులు బౌద్ధాన్ని పక్కన పెట్టినా జనం దీపాలు పెట్టడం మానలేదు. 2020లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

జోగ్యేసా ఆలయానికి వెళ్తే ముంగిట బాల బుద్ధుడి విగ్రహం కనిపిస్తుంది, ఒక చెయ్యి ఆకాశం వైపు చూపిస్తూ. వరుసలో నిలబడి చిన్న గరిటెతో నీళ్లు పోస్తారు. అభిషేకాలు చూస్తూ పెరిగిన మనకు అది ఎవరూ నేర్పక్కర్లేదు. తల మీద రంగు లాంతర్ల పందిరి, ఒక్కోదానికీ పేర్లు రాసిన చీటీ వేలాడుతుంటుంది. ఓ పక్కన మాత్రం అన్నీ తెల్లవే. అవి పోయినవాళ్ల కోసం కట్టినవి. బాగున్నాయని అక్కడే సెల్ఫీలు దిగేవాళ్లు ఉంటారు, మన పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇక అసలు సంగతి. నాగార్జునకొండ పేరు మనందరికీ తెలుసు. శాతవాహన రాజుకు ధర్మం బోధిస్తూ లేఖ రాశాడని చెప్పుకునే బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుణ్ణి ఇక్కడి భిక్షువులు యోంగ్సు బోధిసత్వుడని కొలుస్తారు. హేయిన్సా ఆలయంలో 13వ శతాబ్దంలో బౌద్ధ గ్రంథాలు చెక్కిన 81 వేలకు పైగా చెక్క ఫలకాలున్నాయి. ఆయన రాసిన మధ్యమక శాస్త్రం అనే గ్రంథం చైనా అనువాదం వాటిలో ఉంది. మన దగ్గర నాగార్జునకొండ విహారాలు శిథిలాలై, మిగిలినవి డ్యామ్ నీళ్లలో మునిగాయి. ఇక్కడ ఆయన ఇంకా పాఠంగానే ఉన్నాడు.

ఇక్కణ్ణుంచి మన దేశానికి వెళ్లినవాడూ ఉన్నాడు. హ్యేచో అని సిల్లా భిక్షువు, 8వ శతాబ్దంలో, ఇరవై దాటిన వయసులో దక్షిణ భారతం గురించి రాశాడు. అక్కడి కొండల్లో నాగార్జునుడు యక్షులతో కట్టించిన పెద్ద విహారం ఉందనీ, అది పాడుబడి భిక్షువులెవరూ లేరనీ. అది ఏ కొండో పండితులు తేల్చలేదు. మనవాళ్లయితే శ్రీశైలమని అప్పుడే ఖాయం చేసేస్తారు, నేను ఆ జోలికి పోను. నాకు నచ్చింది ఆ దారిలో ఆయన చెప్పుకున్న పద్యం. వెన్నెల రాత్రి ఊరి దారి వైపు చూస్తుంటే మబ్బులు అటే పోతున్నాయట. వాటి చేతికి ఉత్తరం ఇద్దామంటే గాలి ఆగి వినదట. వీడియో కాల్ లేని రోజుల్లో మన బెంగే! ఆయన మళ్లీ సిల్లా చేరలేదు, చైనాలోనే కాలం చేశాడు. ఆయన యాత్ర గురించి రాసిన ఆ రాతప్రతి 1908లో చైనాలోని దున్‌హువాంగ్ గుహలో పెలియో అనే ఫ్రెంచ్ పండితుడికి దొరికింది, ఇప్పుడు పారిస్‌లో ఉంది.

కాబట్టి ఈసారి చూడ్డానికి కాదు, నడవడానికి వెళ్దాం. విదేశీయులకు తామర లాంతరు చెయ్యడం నేర్పి, దాంతోనే ఊరేగింపులో నడిపించే ఏర్పాటు ఉంటుంది. దోంగ్‌దేమున్ నుంచి జోగ్యేసా దాకా నడక, పిల్లలు తట్టుకోగలరు. ఆదివారం ఆలయం ముందు వీధిలో నేపాల్, శ్రీలంక వాళ్ల దుకాణాలు కూడా ఉంటాయి. భోజనం బెంగ వద్దు, ఆలయ వంటలో మాంసం ఉండదు, ఉల్లి వెల్లుల్లీ వెయ్యరు. వచ్చేవాళ్లు వెనక బల్ల మీదున్న కాగితంలో పేర్లు రాయండి, పెద్దలెందరో పిల్లలెందరో విడిగా.