మహమ్మారి ముందు ఐరోపా సమాఖ్య: మూసిన సరిహద్దులు, కలిపిన అప్పులు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం ఐరోపా సమాఖ్య గురించే అయినా, హైదరాబాదులో నిలబడి దాని మీద మాట్లాడేటప్పుడు గరికపాడు, పుల్లూరు గుర్తుకు రాక మానవు. 2020 మార్చి చివరి వారంలో కోవిడ్ వల్ల ఇక్కడి హాస్టళ్లు మూతపడినప్పుడు, తెలంగాణ పోలీసులు ఇచ్చిన అనుమతి పత్రాలు పట్టుకుని సొంత ఊళ్లకు బయలుదేరిన పిల్లలను ఆంధ్రప్రదేశ్ గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేసింది. మరుసటి ఏడాది మే నెలలో ఆపడం తెలంగాణ వంతైంది. కర్నూలు వైపు నుంచి వస్తున్న అంబులెన్సులు, లోపల ఊపిరి అందని రోగులతో సహా, పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర నిలిచిపోయాయి. మే 14న హైకోర్టు ఆ ఆంక్షలపై స్టే ఇచ్చింది. ఒకే భాష, ఒకే రాజ్యాంగం, 2014 దాకా ఒకే రాష్ట్రం. అయినా అంత పనీ జరిగింది. 24 అధికార భాషలు, 27 ప్రభుత్వాలు ఉన్న సమాఖ్యను తప్పుపట్టే ముందు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలని కోరుతున్నాను.

అక్కడ జరిగింది అర్థం కావాలంటే అధికారాలు ఎలా పంచుకున్నారో చూడాలి. సమాఖ్య ఒప్పందంలోని 168వ అధికరణం ప్రకారం వైద్య వ్యవస్థల నిర్వహణ సభ్యదేశాల బాధ్యత. వాణిజ్యం బ్రస్సెల్స్ చేతిలో, అంటే సమాఖ్య కేంద్ర సంస్థల చేతిలో, యూరో ఫ్రాంక్‌ఫర్ట్ లోని కేంద్ర బ్యాంకు చేతిలో ఉన్నాయి. ఆసుపత్రి పడకలు, మాస్కుల నిల్వలు మాత్రం ఏ దేశానివి ఆ దేశానివే. మన రాజ్యాంగం ప్రజారోగ్యాన్ని రాష్ట్రాలకు వదిలినా, అంటువ్యాధులు రాష్ట్రం దాటి పాకకుండా చూసే పనిని ఉమ్మడి జాబితాలో 29వ అంశంగా చేర్చింది. బ్రస్సెల్స్‌కు అంత పట్టు లేదు. సమన్వయం చేయగలదు, సలహా ఇవ్వగలదు.

2020 ఫిబ్రవరి 21న ఇటలీ ఉత్తరాన లొంబార్దీలోని కొదోన్యో అనే చిన్న పట్టణంలో కోవిడ్ కేసు వెలుగు చూసింది. ఆ నెల ముగియకముందే ఇటలీ, సమాఖ్య పౌర రక్షణ యంత్రాంగం ద్వారా, మాస్కులు పంపమని తోటి దేశాలను అడిగింది. ఒక్క దేశమూ ముందుకు రాలేదు. మార్చి మొదటి వారంలో ఫ్రాన్స్ తన గడ్డ మీదున్న మాస్కులను స్వాధీనం చేసుకుంది, జర్మనీ రక్షణ సామగ్రి ఎగుమతిని నిషేధించింది. సరుకు ఏ అడ్డూ లేకుండా తిరగాలన్న సూత్రం మీద నిలబడ్డ సమాఖ్యలో, సరుకు అత్యవసరమైన వారంలోనే ఎవరికి వారే యమునా తీరే అయింది. మార్చి 12న కేంద్ర బ్యాంకు అధ్యక్షురాలు క్రిస్టీన్ లగార్డ్, దేశాల బాండ్ల (ప్రభుత్వాలు అప్పు తెచ్చుకునే పత్రాల) వడ్డీల మధ్య తేడాను తగ్గించడం తమ పని కాదన్నారు. ఇటలీ చెల్లించాల్సిన వడ్డీ రేటు ఆ రోజే ఎగబాకింది. ఆ రాత్రే చైనా నుంచి వైద్య సామగ్రి విమానం రోమ్‌లో దిగింది. ఇటాలియన్ల మనసులో ఈ రెండు ఘటనలూ పక్కపక్కనే నిలిచిపోయాయంటే ఆశ్చర్యం లేదు.

ఆ ప్రభుత్వాలను స్వార్థపరులని తిట్టడం తేలిక. ప్రతి ప్రభుత్వం తన ఓటర్లకు, మాస్కులు లేని తన వైద్యులకు జవాబుదారీ. పౌర రక్షణ యంత్రాంగం కింద సాయం ఐచ్ఛికం కాబట్టి, ఇటలీ పిలుపుకు పలకని ఏ దేశమూ చట్టాన్ని ఉల్లంఘించలేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే.

సరిహద్దుల మూసివేత సామాన్యులకు ఎలా తగిలిందో చెషిన్ పట్టణం చూపిస్తుంది. 1920లో ఓల్జా నది గీతగా పోలండ్‌కు, చెకొస్లొవేకియాకు మధ్య చీలిన ఆ ఊరు, 2007 చివర్లో పోలండ్, చెక్ రెండు దేశాలూ సరిహద్దు తనిఖీలు లేని షెంజెన్ ప్రాంతంలో చేరాక మళ్లీ ఒక్కటైంది. ఒక ఒడ్డున ఇల్లు, మరో ఒడ్డున ఉద్యోగం అక్కడ మామూలు. 2020 మార్చిలో వంతెనలు మూసేశారు. పోలండ్ ఒడ్డున "నీ మీద బెంగగా ఉంది, చెక్ మిత్రమా" అన్న అర్థంతో ఒక బ్యానర్ వెలిసింది; అవతలి ఒడ్డున కొద్దిరోజుల్లోనే జవాబు బ్యానర్ కట్టారు. రాజధానుల్లో కుదరని సంభాషణ అక్కడ గుడ్డ మీద జరిగింది.

మార్చి 18న కేంద్ర బ్యాంకు 75,000 కోట్ల యూరోల బాండ్ల కొనుగోలు ప్రకటించడంతో దిద్దుబాటు మొదలైంది. జర్మనీ ఆసుపత్రులు ఇటలీ, ఫ్రాన్స్ రోగులను చేర్చుకున్నాయి. ఏప్రిల్ 16న సమాఖ్య కార్యనిర్వాహక సంస్థ అయిన కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫన్ డెర్ లాయన్ ఐరోపా పార్లమెంటులో ఇటలీకి క్షమాపణ చెప్పారు. అయితే అసలు పరీక్ష డబ్బు దగ్గరే వచ్చింది. ఉమ్మడి అప్పు తేవాలని మార్చి 25న తొమ్మిది దేశాల నేతలు లేఖ రాస్తే, నెదర్లాండ్స్, ఆస్ట్రియా, డెన్మార్క్, స్వీడన్ అడ్డం తిరిగాయి. ఏళ్ల తరబడి ఉమ్మడి అప్పును వ్యతిరేకించిన అప్పటి జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ మే 18న ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్‌తో కలిసి 50,000 కోట్ల యూరోల గ్రాంట్లను (తిరిగి కట్టనక్కరలేని సాయాన్ని) ప్రతిపాదించడంతో కథ మలుపు తిరిగింది. జూలై 17న మొదలైన శిఖరాగ్ర సమావేశం 21వ తేదీ తెల్లవారుజామున గాని ముగియలేదు. గ్రాంట్లు 39,000 కోట్లకు తగ్గాయి, రుణాలు 36,000 కోట్లుగా తేలాయి. అన్నదమ్ముల్లో ఒకరి పేరున కాకుండా ఇంటి పేరున అప్పు తెచ్చినట్లు, సమాఖ్య తన పేరున ఇంత పెద్ద ఎత్తున అప్పు చేయడం అదే మొదటిసారి. ఇటలీ కుప్పకూలితే జర్మనీ కర్మాగారాలూ నిలబడవన్న లెక్క ఇందులో ఉంది. ఆ లెక్క ఉండటం వల్లే ఈ ఐక్యతకు గట్టిదనం వచ్చిందని నా అభిప్రాయం.

టీకాల విషయంలో జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, నెదర్లాండ్స్ మొదట నలుగురే జట్టుకట్టి కంపెనీలతో బేరం మొదలుపెట్టాయి. చిన్న దేశాలు కంగారుపడటంతో ఆ పని కమిషన్‌కు అప్పగించారు. ఆస్ట్రాజెనెకా సరఫరాలు తగ్గాయి, బ్రిటన్ ముందుకు దూసుకుపోయింది, హంగరీ విడిగా రష్యా, చైనా టీకాలు కొనుక్కుంది. అయినా మాల్టా వంటి అతి చిన్న దేశానికి కూడా జనాభా వాటా ప్రకారం, జర్మనీ పొందిన ఒప్పందం కిందే డోసులు అందాయి. అదే సమయంలో మనం ఎదురు దారిలో నడిచాం. 2021 మే 1 నుంచి రాష్ట్రాలే సొంతంగా కొనుక్కోవచ్చన్నారు. అవి గ్లోబల్ టెండర్లు పిలిస్తే, కేంద్రంతో తప్ప ఒప్పందం చేసుకోబోమని ఫైజర్, మోడెర్నా చెప్పాయి. జూన్ 7న ఆ విధానాన్ని మార్చక తప్పలేదు. మన జీనోమ్ వ్యాలీలోనే కోవాగ్జిన్ తయారవుతున్నా, రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీపడాల్సి వచ్చింది.

అప్పు తీర్చే విషయంలో మాత్రం మన పద్ధతి స్పష్టంగా ఉంది. 2020లో జీఎస్టీ పరిహారానికి లోటు వస్తే, రాష్ట్రాలే అప్పు తెచ్చుకోవాలన్న కేంద్రంతో తెలంగాణ సహా పలు రాష్ట్రాలు వాదించాయి; అక్టోబరులో కేంద్రమే 1.1 లక్షల కోట్ల రూపాయల అప్పు తెచ్చి ఇవ్వడానికి ఒప్పుకుంది, దాన్ని తీర్చడానికి పరిహార సెస్సును 2026 మార్చి దాకా పొడిగించారు. ఐరోపా అప్పు ముందు చేసింది, తీర్చే దారి తర్వాత వెతుకుతోంది. వడ్డీ కాక అసలు మొత్తం చెల్లింపులు 2028లో మొదలై 2058 దాకా సాగాలి. రీసైకిల్ కాని ప్లాస్టిక్ ప్యాకింగ్ వ్యర్థాల లెక్కన దేశాలు కట్టే వాటా 2021 నుంచి అమల్లోకి వచ్చినా, ఆ మొత్తం ఇంత అప్పుకు చాలదు. మిగతా డబ్బు ప్రతి దేశ బడ్జెట్ నుంచి రావాలా, లేక బ్రస్సెల్స్ తానే కొత్త రాబడి మార్గాలు సమకూర్చుకోవాలా అన్న ప్రశ్న మీద, 2020 జూలైలో ఎదురెదురుగా కూర్చున్న దేశాలు మళ్లీ బేరానికి కూర్చోవాల్సి ఉంటుంది.