బేస్‌మెంట్‌లో వెంటిలేటర్

శ్రోతలకు నమస్కారం.

వెంటిలేటర్ అన్న మాట మన తెలుగు ఇళ్ళకు చాలాకాలంగా అలవాటైనదే. గోడ పైభాగాన, కప్పుకు జానెడు కింద, సిమెంటు జాలీతోనో మూడు గాజు పలకలతోనో ఉండే చిన్న కిటికీని మనం వెంటిలేటర్ అంటాం. పిచ్చుకలు అందులో గూడు కట్టేవి, వానాకాలంలో జల్లు అందులోంచే కొట్టేది, వంటింటి పొగ అందులోంచే బయటికి పోయేది. దాన్ని మూయాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. 2020 తర్వాత అదే మాట ఆసుపత్రి యంత్రానికి పేరై, చెవిన పడితేనే గుండె గుభేలుమనేట్లు అయింది. ఈ రెండూ కాని మూడో వెంటిలేటర్ ఒకటుంది. కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను ఈమధ్య కట్టిన చాలా ఇళ్ళలో అది బేస్‌మెంట్‌లో, అంటే ఇంటి కింది నేలమాళిగలో, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన, నాలుగు లావుపాటి గొట్టాలు తగిలించుకుని, పాతకాలపు ట్రంకుపెట్టె పరిమాణంలో వేలాడుతూ ఉంటుంది. దాని పూర్తి పేరు హీట్ రికవరీ వెంటిలేటర్, పొట్టి పేరు హెచ్ఆర్‌వీ. అక్కడ స్థిరపడిన మనవాళ్ళలో చాలామంది దాన్ని రోజూ చూస్తూనే ఉంటారు గానీ, అదేమిటో, ఎందుకుందో అడగరు. నేనూ అడగలేదు. అడగకపోవడం వల్ల ఏమైందో కాసేపట్లో చెబుతాను.

నేనుండేది కెనడాలో, సస్కాచ్వాన్ రాష్ట్రంలోని సస్కాటూన్ నగరంలో. అక్కడ జనవరిలో మైనస్ 30 డిగ్రీల కిందికి పోయే రాత్రులు దాదాపు ఏటా ఉంటాయి. అలాంటి ఊళ్ళో పాత ఇళ్ళకు గాలి కిటికీల్లోంచి వచ్చేది కాదు, సందుల్లోంచి వచ్చేది. ఇంట్లోని వెచ్చటి గాలి తేలికై పైకి లేచి అటక సందుల్లోంచి జారిపోతుంటే, ఆ లోటు పూడ్చడానికి చల్లగాలి కింది పగుళ్ళలోంచి లోపలికి ఎగబీల్చుకొస్తుంది. పొగగొట్టంలో పొగ పైకి లాక్కుపోయే సూత్రమే ఇదీను. ఈ ఏర్పాటులో చిక్కేమిటంటే, బయట చలి ముదిరి గాలి ఈడ్చికొట్టే రోజున ఇల్లు అవసరానికి మించి ఊపిరి పీలుస్తుంది, బయట కాస్త వెచ్చబడి గాలి స్తంభించిన రోజున అసలు పీల్చదు. పైగా ఆ వచ్చే గాలి ఎక్కడి నుంచి వస్తున్నదో, నేలలోంచో, గారేజీలోంచో, చలి ఆగడానికి గోడలో కూరిన పాత దూదిలోంచో, ఎవరూ చెప్పలేరు.

1973లో చమురు ధరలు నాలుగింతలై, ఇల్లు వెచ్చబెట్టుకోవడం భారమయ్యేసరికి, చలిదేశాల్లో జనం ఇళ్ళకున్న సందులన్నీ మూయడం మొదలుపెట్టారు. బిల్లు తగ్గింది. దానితోపాటు కిటికీల మీద నీళ్ళు కారడం, గోడ మూలల్లో బూజు పట్టడం, కళ్ళు మండటం మొదలయ్యాయి. చలి ఆగడానికి కొన్ని గోడల్లోకి ఎక్కించిన యూరియా ఫార్మాల్డిహైడ్ నురగ నుంచి వెలువడే వాయువు మీద ఆందోళన రేగి, 1980 చివరలో కెనడా ఆ నురగను నిషేధించింది. ఇల్లు బిగించడమే తప్పని కొందరు అప్పుడు వాదించారు, ఇప్పటికీ వాదిస్తారు. ఆ వాదన నాకు మింగుడుపడదు. కుండకు చిల్లి ఉంటేనే నీళ్ళు తాగగలమన్నట్లుంటుంది.

సరైన జవాబు వెతికింది మా రాష్ట్రంలోనే కావడం నాకు కాస్త గర్వంగానే ఉంటుంది. 1977లో రెజైనా నగరంలో సస్కాచ్వాన్ కన్సర్వేషన్ హౌస్ అనే ఇంటిని కట్టారు. హెరాల్డ్ ఓర్ అనే ఇంజినీరు ఆ బృందంలో ముఖ్యుడు. అడుగు మందం గోడలు, గాలి చొరని పొర, ఫర్నేస్ అన్నదే లేకపోవడం దాని ప్రత్యేకతలు. గాలి కోసం వాళ్ళు సందుల మీద ఆధారపడకుండా, లోపలికొచ్చే గాలికీ బయటికిపోయే గాలికీ చెరో దారి వేసి, ఆ రెండు దారులూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయేటట్లు ఒక పెట్టె అమర్చారు. ఆ తొలి రోజుల్లో అలాంటి పెట్టెలను ప్లైవుడ్‌తోను, పాలిథిన్ పలకలతోను తయారుచేసుకునేవారు. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ కట్టిన మొదటి పాసివ్ హౌస్‌లోనూ, అంటే వెచ్చబెట్టడానికి అతి తక్కువ ఇంధనంతో సరిపోయే ఇంట్లోనూ, ఇదే సూత్రం.

ఆ పెట్టె లోపల జరిగేది మన వంటింట్లో తెలియకుండా చేసే పనే. కాగిన పాలగిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెడితే పాలు చల్లారతాయి, నీళ్ళు వెచ్చబడతాయి, రెండూ కలవవు. పెట్టె నడుమ దగ్గరదగ్గరగా పేర్చిన పల్చని పలకల దిమ్మె ఒకటుంటుంది, దాన్ని కోర్ అంటారు. స్నానాల గదుల నుంచి, వంటింటి నుంచి లాగిన వెచ్చటి పాతగాలి ఒక పలకకు ఈవైపున పోతుంటే, బయటి చల్లగాలి ఆవైపున వస్తుంది. వేడి పలక దాటుతుంది, గాలి దాటదు.

లెక్క వేసి చూద్దాం. రెండు వేల చదరపుటడుగుల ఇల్లు, మూడు పడకగదులు అనుకుంటే, ఇళ్ళలో గాలి, వేడి ఏర్పాట్లకు ప్రమాణాలు రాసే ఆష్రే అనే ఇంజినీర్ల సంస్థ పెట్టిన, ఉత్తర అమెరికాలో వాడే 62.2 ప్రమాణం ప్రకారం నిమిషానికి 90 ఘనపుటడుగుల కొత్త గాలి కావాలి. అంటే సుమారు మూడు గంటలకొకసారి ఇంట్లోని గాలి మొత్తానికి సరిపడే కొత్త గాలి లోపలికి వస్తుంది. బయట మైనస్ 25, లోపల 21 ఉన్న రోజున ఆ గాలిని ఊరికే లోపలికి తెచ్చి వేడిచేయాలంటే దాదాపు 2,400 వాట్లు, అంటే మన స్నానాలగది గీజరును రాత్రింబవళ్ళు ఆపకుండా నడిపినంత ఖర్చు. నూటికి 75 పాళ్ళు వేడిని తిరిగి రాబట్టే పెట్టె ఉంటే 600 వాట్లతో సరిపోతుంది. అయితే ఇందులోనే ఒక మెలిక ఉంది. 75 పాళ్ళు రాబట్టినా, గదిలోకి వచ్చే గాలి పది డిగ్రీల దగ్గరే ఉంటుంది. గొట్టం కింద కూర్చున్నవాడికి అది చల్లగానే తగులుతుంది.

నేను చేసిన పొరపాటు సరిగ్గా అక్కడే మొదలైంది. ఇల్లు కొన్న మొదటి శీతాకాలంలో, పడకగదిలో చల్లగాలి తగులుతున్నదని, చప్పుడవుతున్నదని, కరెంటు దండగని, ఎవరినీ అడగకుండా బేస్‌మెంట్‌లోకి దిగి ఆ పెట్టె స్విచ్చి ఆపేశాను. ఇల్లు నిశ్శబ్దమైంది, నాకు సంతోషమైంది. రెండు వారాల్లో కిటికీ అద్దాల అడుగున వేలి మందాన మంచు గట్టిపడి, కిటికీ రెక్క చట్రానికి అతుక్కుపోయింది. మధ్యాహ్నం ఎండకు ఆ మంచు కరిగి కిటికీ కింది చెక్క మీదుగా కారుతుంటే రోజూ తువ్వాలుతో తుడిచి పిండేవాణ్ణి. ఫిబ్రవరిలో ఒకరోజు బయటి గోడను ఆనుకున్న బీరువాను జరిపితే, దాని వెనక మూలలో నల్లటి బూజు అరచేతంత మేర పాకి ఉంది. నలుగురున్న ఇంట్లో ఊపిరి, స్నానం, వంట, ఆరేసిన బట్టలు కలిసి రోజుకు పది లీటర్ల దాకా నీటిని గాలిలోకి వదులుతాయని, పోయే దారి లేని ఆ నీరు ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటు వెతుక్కుని అక్కడ చేరుతుందని నాకు ఆ బూజే నేర్పింది.

బూజు కంటికి కనబడుతుంది. కనబడనిది నిద్రగది గాలి. తలుపు వేసుకుని ఇద్దరు పడుకున్న చిన్న గదిలో, గాలి మారే దారి లేకపోతే, తెల్లవారేసరికి కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళలో రెండు వేలు దాటడం మామూలే. బయట గాలిలో అది ఇప్పుడు 420కి కాస్త పైన ఉంటుంది. మ్యూనిక్ నగరానికి చెందిన ఆరోగ్యశాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే గదిగాలికి వెయ్యి పాళ్ళు హద్దు అన్నాడు. ఆ వాయువు అంతమాత్రాన విషమని ఆయన ఉద్దేశం కాదు, మనుషులు వదిలిన గాలి ఆ గదిలో ఎంత పేరుకుందో చెప్పే ఆనవాలుగా దాన్ని వాడుకున్నాడు. ఇప్పుడు దాన్ని కొలిచే చిన్న మీటర్లు బజారులో దొరుకుతున్నాయి. ఒకటి కొని రాత్రి మంచం పక్కన పెట్టి, పొద్దున్నే అంకె చూడండి. నా ప్రసంగం కన్నా అది ఎక్కువ చెబుతుంది.

రాడాన్ సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. నేలలోని యురేనియం క్షీణించే క్రమంలో పుట్టే వాయువు అది, రంగు లేదు, వాసన లేదు. బేస్‌మెంట్ నేల పగుళ్ళలోంచి, నీరు పోయే గుంట అంచుల్లోంచి ఇంట్లోకి వస్తుంది. శీతాకాలంలో వెచ్చటి ఇల్లు నేలలోని గాలిని లోపలికి లాగుతుంది కనుక అప్పుడే ఎక్కువగా చేరుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాతి కారణం ఇదే. దీని తీవ్రత లోకానికి తెలిసిన తీరు విచిత్రంగా ఉంటుంది. 1984 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, లిమెరిక్ అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజినీరు రేడియేషన్‌ను పసిగట్టే యంత్రం ముందు నిలబడితే అది మోగింది. ఆ కేంద్రం అప్పటికి విద్యుదుత్పత్తి మొదలుపెట్టనేలేదు. విచారిస్తే, అతను ఆ రేడియేషన్‌ను పనిచోట అంటించుకోలేదు, తన ఇంట్లో పేరుకున్న రాడాన్ నుంచి వెంటబెట్టుకొచ్చాడు. కెనడాలో రాడాన్‌కు పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 200 బెకరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం). మానిటోబా, సస్కాచ్వాన్ రాష్ట్రాలలో ఆ హద్దు దాటిన ఇళ్ళు ఎక్కువ. చలికాలంలో మూడు నెలలపాటు ఒక చిన్న డబ్బీని బేస్‌మెంట్‌లో ఉంచి కొలుస్తారు. హద్దు దాటితే హెచ్ఆర్‌వీని నమ్ముకుని కూర్చోకూడదు. అది కొంత పలచన చేస్తుందంతే. నేల కిందికి గొట్టం దించి, ఫ్యాను పెట్టి, ఆ వాయువును ఇంట్లోకి రాకముందే బయటికి తోసేయడం దానికి విరుగుడు. కుర్రాళ్ళకు బేస్‌మెంట్ గది అద్దెకిచ్చే మనవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోవాలని నా విన్నపం.

ఇక పోపు. ఎండుమిరపకాయ ఘాటుకు ఇల్లంతా దగ్గడం మనకు కొత్త కాదు, కాకపోతే పెంకుటింట్లో ఆ ఘాటు క్షణంలో పెంకుల సందుల్లోంచి పోయేది. బిగించిన ఇంట్లో అది, దానితోపాటు కాగిన నూనె నుంచి లేచే సన్నని రేణువులు, గంటలకొద్దీ తిరుగుతాయి. హెచ్ఆర్‌వీ ఇంటికంతటికీ నెమ్మదిగా గాలి మార్చే యంత్రం కనుక గారెలు వేసే బాణలి ముందు అది చాలదు, పొయ్యి మీద పొగను పీల్చి బయటికి పంపే హుడ్ ఉండాలి. ఆ హుడ్ గాలి నిజంగా బయటికి పోతున్నదో లేదో చూసుకోవడం మరీ ముఖ్యం. పొయ్యి మీద బిగించే మైక్రోవేవ్ హుడ్లు చాలావాటిలో గాలి ఒక జల్లెడలోంచి పోయి, తిరిగి వండేవాళ్ళ ముఖం మీదికే వస్తుంది. అది హుడ్ అనిపించుకున్న విసనకర్ర. నూనె కాగకముందే హుడ్ వేసి, వెనక పొయ్యి మీద వండి, దించాక కూడా పది నిమిషాలు నడవనివ్వాలి.

యంత్రాన్ని పెట్టించుకోవడం కన్నా దాన్ని చూసుకోవడమే కష్టమని నా అనుభవం. మూడు నెలలకొకసారి పెట్టె తలుపు తెరిచి జల్లెడలు బయటికి తీస్తే, బూడిదరంగు నూగు దళసరి దుప్పటిలా ఒలిచి వస్తుంది, మా ఇంట్లో దానికి ఇంగువ వాసన కూడా ఉంటుంది. కోర్ కింద నీరు పోయే సన్నని గొట్టం మడతపడితే పెట్టెలో నీరు నిలిచిపోతుంది. అన్నిటికన్నా మరిచిపోయేది బయటి గోడ మీది గాలి మూతి. జూన్‌లో కాటన్‌వుడ్ చెట్ల దూది, జనవరిలో మంచుపొడి దాని జాలీని మూసేస్తాయి. మోకాలిలోతు మంచులో నిలబడి పాత టూత్‌బ్రష్‌తో ఆ జాలీ గీకుతుంటే చూసినవాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. వేసవిలో అడవులు తగలబడి పొగ ఊళ్ళ మీదికి కమ్మే రోజులలో మాత్రం బయటి గాలి తేవడం తగ్గించి, లోపలి గాలినే మంచి ఫిల్టరులోంచి తిప్పుకోవాలి.

శీతాకాలంలో ఇల్లు ఎండిపోతుందన్న ఫిర్యాదు న్యాయమైనదే. మైనస్ 25 డిగ్రీల గాలిని 21కి వెచ్చబెడితే దాని సాపేక్ష ఆర్ద్రత మూడు శాతం కూడా ఉండదు, కనుక పెదవులు పగలక మానవు. తేమను కూడా కొంత వెనక్కి రాబట్టే ఈఆర్‌వీ అనే రకం పెట్టెలు ఇందుకే వచ్చాయి. ఇంట్లో ఇద్దరే ఉంటే అవి మేలు. ఆరుగురుండి రోజూ ఇడ్లీపాత్ర ఆవిరి కక్కే ఇంటికి మాత్రం నేనైతే హెచ్ఆర్‌వీనే పెట్టిస్తాను.

కిందటి శీతాకాలం తెనాలి నుంచి మా అమ్మ వచ్చింది. మొదటి వారం ఆ చప్పుడు ఆపమని ఒకటే పోరు. ఆపలేదు, పడకగది గొట్టం మూతిని మంచం మీదికి కాకుండా గోడవైపు తిప్పాను, అంతే. చలి బాగా ముదిరినప్పుడు బయటికిపోయే గాలిలోని తేమ కోర్‌లో గడ్డకడుతుంది. దాన్ని కరిగించడానికి యంత్రం తనంతట తానే బయటి గాలికి రెక్క అడ్డం వేసి, కొద్ది నిమిషాలు ఇంటి వెచ్చదనాన్నే లోపల తిప్పుతుంది, అప్పుడు దాని శబ్దం మారుతుంది. ఒక తెల్లవారుజామున అమ్మ నన్ను లేపి, “ఒరేయ్, నీ పెట్టె ఊపిరి బిగబట్టిందేమిటిరా, ఒకసారి చూడు” అంది. ఇద్దరం మెట్ల మీద కూర్చుని విన్నాం. కొద్దిసేపటికి లోపల రెక్క టక్కున తెరుచుకుంది. అమ్మ వెళ్ళి పడుకుంది.