డిస్క్‌లో చోటుంది, రాయడమే కుదరడం లేదు

(తెరపై: మానిటరింగ్ డాష్‌బోర్డు, అన్నీ పచ్చ గుర్తులే.)

సర్వర్ పింగ్‌కు బదులిస్తోంది. డిస్క్‌లో సగానికి పైగా ఖాళీ. అయినా డేటాబేస్ కొత్త రికార్డు తీసుకోవడం లేదు, లాగ్ ఫైలు ఒకచోట ఆగిపోయింది. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది ఫైల్‌సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చి ఉంచే ఏర్పాటు) రీడ్-ఓన్లీగా, అంటే చదవడానికే వీలయ్యేలా, మారిందేమో అని.

లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4ను రీమౌంట్-ఆర్ఓ ఆప్షన్‌తో మౌంట్ చేసి (సిస్టమ్‌కు జోడించి) ఉంటే, లోపం కనబడగానే లినక్స్ కెర్నెల్, అంటే సిస్టమ్ మూలభాగం, రాతలు ఆపేస్తుంది. ఉన్న డేటా మరింత చెడిపోకుండా కాపాడే మంచి ఏర్పాటు ఇది. లోటల్లా మనకు కబురు అందకపోవడమే. చదవడం మామూలుగా సాగుతుంది కాబట్టి, ఖాళీ ఎంతుందో చూసే తనిఖీకి ఏ తేడా తెలియదు.

(తెరపై: ప్రోక్ మౌంట్స్ ఫైలులో ఒక వరుస, నాలుగో గడి పెద్దదిగా.)

మౌంట్ అయిన ఫైల్‌సిస్టమ్‌ల జాబితా ఇది. ఈ గడిలో ఆప్షన్లు కామాలతో విడివిడిగా ఉంటాయి. ఆర్‌డబ్ల్యూ అంటే రాయవచ్చు, ఆర్ఓ అంటే చదవడమే. చాలా స్క్రిప్టులు ఇక్కడే పొరపడతాయి. వరుసలో ఆర్ఓ అన్న రెండక్షరాలు ఎక్కడ కనిపించినా పట్టేస్తాయి. ఈ వరుస చివర చూడండి, రీమౌంట్-ఆర్ఓ ఉంది. డిస్క్ నిక్షేపంగా ఉన్నా అలర్ట్ మోగుతుంది! కామాల దగ్గర విడగొట్టి పూర్తి మాటనే పోల్చాలి. మానిటరింగ్ సాధనం ప్రోమీథియస్‌కు వివరాలిచ్చే నోడ్ ఎక్స్‌పోర్టర్ అలాగే పోల్చి, ఒక్కో ఫైల్‌సిస్టమ్‌కు 0 లేదా 1 (రీడ్-ఓన్లీ అయితే 1) చూపిస్తుంది. స్క్వాష్‌ఎఫ్‌ఎస్, ఐఎస్ఓ9660 అనే ఫైల్‌సిస్టమ్‌లు ఎప్పుడూ రీడ్-ఓన్లీయే కాబట్టి వాటిని అలర్ట్ నుంచి తప్పించండి.

(తెరపై: టెర్మినల్‌లో చిన్న ఫైలు రాసే ప్రయత్నం, కింద ఎర్రర్ సంఖ్య 30.)

అంతటితో సరిపెట్టుకోకూడదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్ తీవ్రమైన లోపం వస్తే ఆర్ఓగా మారదు, మొత్తంగా మూతపడుతుంది. ఇటీవలి కెర్నెళ్లలో ఈఎక్స్‌టీ4 కూడా ఆర్ఓ అనకుండా ఎమర్జెన్సీ-ఆర్ఓ అని చూపిస్తుంది. పూర్తి మాట వెతికే తనిఖీకి అది చిక్కదు. అందుకే నేను ఎక్కువగా నమ్మేది రాసి చూసే పరీక్షను. ఒక చిన్న ఫైలు రాసి, ఎఫ్‌సింక్ అనే పిలుపుతో డిస్క్ దాకా పంపి, తర్వాత తుడిచేయాలి. రీడ్-ఓన్లీ అయితే 30, మూతపడిన ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే 5 అన్న ఎర్రర్ వస్తుంది. ఆ ఫలితాన్ని అదే డిస్క్‌లో దాచాలనుకుంటే అదీ నిలవదు, నేరుగా నెట్‌వర్క్ మీదుగా పంపాలి.

అలర్ట్ రాగానే ఆర్‌డబ్ల్యూగా రీమౌంట్ చేసేయకండి. ముందు డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాల్లో) కారణం చూడండి, డేటాను మరో డిస్క్‌కు కాపీ చేయండి, అన్‌మౌంట్ చేశాకే ఫైల్‌సిస్టమ్‌ను సరిచూసే ఎఫ్‌ఎస్‌సీకే నడపండి.