కుంచం మీద దోసెడు

శ్రోతలకు నమస్కారం. రాత్రి అన్నాలయ్యాక ఇంట్లో పెద్దవాళ్లకు కథ చదివి వినిపిద్దామనుకుంటే పల్లెటూరి కథ, స్నేహం కథ, గొంతు పెంచని కథ తీసుకోండి. తీసుకోవడం సులువే. చదవడంలోనే ఉంది తంటా.

ఇలాంటి కథ ఒకటి అనుకోండి. ఆమదాలవలస వైపు ఒక ఊరు. నేస్తరికం కట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు. పేర్లతో పనిలేదు, ఇద్దరి మధ్యా నేస్తం అన్న పిలుపే. ఒకామె వానల్లో రెండు కుంచాల చోళ్లు, అంటే రాగులు, బదులు తీసుకుంది. పంట ఇంటికొచ్చాక తీర్చడానికి వచ్చింది. కుంచం నిండాక పైన ఇంకో దోసెడు పోసింది. నిలుస్తాయా? జారి చాప మీద పడ్డాయి. రెండో ఆమె ఆ గింజలన్నీ ఏరి, తిరిగి ఈమె కొంగులోనే పోసింది. "ఏటి నేస్తం, నానేటి వడ్డీకిచ్చినానా?" అంది. అంతే కథ.

ఏమీ జరగడం లేదు కదా అని, గింజలు ఏరే చోట గబగబా లాగించేస్తారు చాలామంది. హాయంతా ఆ ఏరడంలోనే ఉంది. వినేవాళ్లకు చాప కనబడాలి, చెయ్యి కనబడాలి. అక్కడ ఆగండి, ఒక ఊపిరి తీసుకునేంత. ఇంకోటి, ఏటిని ఏమిటి అని దిద్దకండి. ఏటి అంటే ఏటే. మామ్మ ముఖంలో నవ్వు వచ్చేది ఆ మాటకే.

ఎనిమిది పేజీల కథ చాలు, నిదానంగా చదివితే ఇరవై నిమిషాలు. చివరి పేజీ మాత్రం ముందే చూసుకోండి. పల్లె కథ అన్నంత మాత్రాన మెత్తగా ఉండాలని లేదు, అప్పులూ చావులూ ఆఖరి పేరాలో కాచుకుని ఉంటాయి.

కథల కోసం వెతకాలంటే శ్రీకాకుళంలోనే కథానిలయం ఉంది, తెలుగు కథల గ్రంథాలయం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పారు. పాత పత్రికల్లో అచ్చయిన కథలు కూడా అక్కడ ఉన్నాయి. మాస్టారి సొంత కథలు నిద్ర పట్టించే రకం కావు సుమండీ, వాటిని పగలు చదువుకోండి.

మధ్యలో వినేవాళ్లు కునుకు తీస్తే లేపకండి. మిగతాది మీరొక్కరే చదివేసుకోకండి కూడా. అగ్గిపుల్ల ఒకటి పేజీలో పెట్టి మూసేయండి. మర్నాడు అక్కడి నుంచి కాదు, ఒక పేజీ వెనక్కి వెళ్లి ఎత్తుకోండి, కుంచం మీద దోసెడు పోసిన చోటు నుంచి.