బోరు ఏ నెలలో వేశారు?

అందరికీ నమస్కారం. కర్నూలులో భూగర్భ డ్రైనేజీ గురించి మాట్లాడమంటే పైపు సైజెంత, ప్లాంటు ఎక్కడ, డబ్బెంత అని అడుగుతారు. నేను వాటి జోలికి పోవడం లేదు. మీ వార్డుకు ఎవరు ప్లాను తెచ్చినా ముందు ఒక్కటి అడగండి: మట్టి పరీక్ష బోర్లు ఏ నెలలో వేశారు?

మన నల్లరేగడి మే నెలలో ఒక నేల, సెప్టెంబరు చివర్లో ఇంకో నేల. ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బి జారుతుంది. అందులో ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం పొరల మధ్యకు నీళ్లు పీల్చుకుంటుంది. ఈ ఉబ్బడం, కుంగడం పై మూడు, మూడున్నర మీటర్లలోనే ఎక్కువ. వీధుల్లో మురుగు పైపులు చాలావరకు పడేదీ ఆ లోతులోనే.

బోరులో చేసే పరీక్ష చూడండి. బోరు అడుగున ఒక గొట్టాన్ని నేలలోకి దించడానికి 63.5 కిలోల దిమ్మను 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే వదులుతారు. గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగడాన్ని వదిలేసి, తర్వాతి 30 దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకుంటారు. ఎండిన రేగడిలో దెబ్బలు ఎక్కువ పడతాయి కాబట్టి రిపోర్టులో 'గట్టి నేల' అని వస్తుంది. లెక్క నిజమే, కానీ అది మే నెల నిజం.

నాకు నచ్చిన పరీక్ష ఇంకొకటుంది, ఖర్చు తక్కువ. జల్లించిన పొడిమట్టి పది గ్రాములు కిరసనాయిల్లో, పది గ్రాములు డిస్టిల్డ్ వాటర్‌లో వేసి 24 గంటలు వదిలేస్తారు. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. ఆ తేడాయే కొలత. దీనికి సీజనుతో పని లేదు. ప్రతి బోరు మట్టికీ చేయించాల్సిందే, బేరం వద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటే, మురుగు వాలు మీదే నడుస్తుంది. మడ్డి నిలవకుండా ఉండాలంటే సెకనుకు 0.6 మీటర్ల వేగమైనా కావాలి. నేల కుంగి పైపు ఒకచోట కిందికి వంగిందా, అక్కడ వేగం చస్తుంది, మడ్డి పేరుకుంటుంది, పైనున్న మ్యాన్‌హోల్ పొంగుతుంది.

వాలు అన్నాక పెద్ద లైన్లు పల్లానికే పోవాలి. మనకు పల్లమంటే హంద్రీ, తుంగభద్ర ఒడ్లు. ఆ పల్లం ఎంతదూరం ఉందో 2009 అక్టోబరు వరదలో అందరం చూశాం. అక్కడి తడినేలలు, అంటే నీళ్లు నిలిచే చిత్తడి చోట్లు, వేసవిలో ఖాళీ ప్లాట్లలా కనిపిస్తాయి. సర్వేకు వచ్చినవాళ్లు 'బంజరు' అని రాసుకుని పోతారు. తడినేలను పట్టుకోవడానికి అమెరికా సైనిక ఇంజనీర్లు 1987లో రాసుకున్న పద్ధతి మూడు గుర్తులు చూడమంటుంది: మొక్కలు, మట్టి, నీటి జాడ. మన దగ్గర జమ్ము, తుంగ ఉన్నాయా చూడాలి. ఒక అడుగు తవ్వితే మట్టి బూడిదరంగులో ఉండి, వేళ్ల చుట్టూ తుప్పు చారలు కనిపిస్తే అక్కడ నీళ్లు చాలాకాలం నిలుస్తాయన్నట్టే. ఎండిపోయిన మే నెలలోనూ ఆ చారలు పోవు.

ఇంకో చిక్కు. మన 2017 తడినేలల నిబంధనలు నదీ ప్రవాహాలను లెక్కలోకి తీసుకోవు. కాబట్టి ఏటి ఒడ్డు మడుగును ఆ నిబంధనల కింద చేసిన జాబితాలో వెతికితే దొరక్కపోవచ్చు; దొరకలేదని అది తడినేల కాకపోదు. పైపు కింద పరిచే ఇసుక గుండా నీళ్లు సులువుగా పారతాయి. మధ్యమధ్య బంకమట్టి అడ్డుకట్టలు వేయకపోతే ఆ కందకమే మడుగును నెమ్మదిగా తోడేస్తుంది. నీళ్లు పైకొచ్చే కాలంలో ఖాళీ పైపును తేలిపోకుండా పట్టి ఉంచడం మరో పని.

అందుకే బోరు వేశాక పూడ్చేయకుండా, చిల్లుల పైపు ఒకటి దింపి ఉంచమని అడగండి. నెలకోసారి టేపు వదిలి నీటిమట్టం రాసుకుంటే ఏడాదికి మీ వార్డు లెక్క మీ చేతిలో ఉంటుంది. పైపు మూతకు మాత్రం తాళం వేయించండి, పిల్లలు రాళ్లు వేస్తారు.