అందరూ ఒకేసారి మాట్లాడితే

శ్రోతలకు నమస్కారం.

ఇప్పుడు నేను మాట్లాడుతున్నాను, మీరు వింటున్నారు. ఇందులో చిక్కేమీ లేదు. మీడియం వేవ్‌లో ఆకాశవాణి హైదరాబాద్‌కు 738 కిలోహెర్ట్జ్, విజయవాడకు 837, విశాఖపట్నానికి 927. ఎవరి ఫ్రీక్వెన్సీ వారిది, ఒకరి దారికి ఒకరు అడ్డు రారు. మరి వినేవాళ్లందరి చేతికీ తిరిగి మాట్లాడే సెట్లు ఇచ్చి, అందరికీ కలిపి ఒక్కటే ఫ్రీక్వెన్సీ ఇస్తే? ఎవరు ఎప్పుడు నోరు తెరుస్తారో ఎవరికీ తెలియదు. "ఇప్పుడు నీ వంతు" అని చెప్పే పెద్దమనిషీ లేడు.

కంప్యూటర్ నెట్‌వర్క్ అనగానే మనకు వైర్లు, మిణుకుమిణుకుమనే పచ్చ దీపాలు గుర్తొస్తాయి. అసలు సమస్య మాత్రం ఇదే: ఉన్నది ఒక్క దారి, మాట్లాడాల్సినవాళ్లు చాలామంది. దీనికి ఒక అద్భుతమైన జవాబు పసిఫిక్ మహాసముద్రం నడుమ, హవాయి దీవుల్లో దొరికింది.

1960ల చివర్లో హవాయి విశ్వవిద్యాలయం పెద్ద కంప్యూటర్ హోనోలులు నగరంలో ఉండేది. కాలేజీలు మాత్రం వేరే దీవుల్లోనూ ఉన్నాయి. అక్కడివాళ్లు ఆ కంప్యూటర్‌ను వాడుకోవాలంటే టెలిఫోన్ లైన్లే గతి. వాటి ఖర్చు ఎక్కువ, నాణ్యత అంతంతమాత్రం. అక్కడి ప్రొఫెసర్ నార్మన్ అబ్రామ్సన్‌కు సముద్రపు అలల మీద సర్ఫింగ్ అంటే ప్రాణం. హవాయి వచ్చి స్థిరపడటానికి అదీ ఒక కారణమే. టెలిఫోన్ పద్ధతి కంప్యూటర్లకు అసలు నప్పదని ఆయన గమనించాడు.

ఎందుకంటే ఫోన్ కాల్ కలిసిందంటే ఆ లైన్ మొత్తం మీదే. మాట్లాడినా మీదే, మౌనంగా ఉన్నా మీదే. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? ఒక లైను టైప్ చేస్తాడు, ఆలోచిస్తాడు, తల గోక్కుంటాడు, మళ్లీ ఒక లైను టైప్ చేస్తాడు. దారి చాలాసేపు ఖాళీగానే పడి ఉంటుంది. ఇలాంటి నలభైమందికి నలభై లైన్లు ఇవ్వడం శుద్ధ దండగ. అందరినీ ఒకే దారిలో వదిలేస్తే సరిపోదా?

1971 జూన్‌లో ఆ ఏర్పాటు నడవడం మొదలైంది. పేరు అలోహా నెట్. సమాచారాన్ని 80 అక్షరాలకు మించని ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కను ప్యాకెట్ అంటారు. ప్రతి ప్యాకెట్ ముందు భాగంలో అది ఎవరిదో రాసి ఉంటుంది. దారిలో అక్షరాలేవైనా చెడిపోయాయేమో కనిపెట్టడానికి కొన్ని తనిఖీ గుర్తులు కూడా ఉంటాయి. ప్యాకెట్ సిద్ధం కాగానే రేడియోలో పంపేయడమే. ఎవరినీ అడగక్కర్లేదు, వంతు కోసం ఆగక్కర్లేదు. హోనోలులులోని కేంద్రానికి అది క్షేమంగా చేరితే "అందింది" అని చిన్న జవాబు వస్తుంది.

జవాబు రాలేదంటే? అదే సమయంలో ఇంకెవరో పంపిన ప్యాకెట్, మనదీ గాలిలో గుద్దుకుని రెండూ పాడైపోయాయన్నమాట. మళ్లీ పంపాలి. ఇక్కడే ఉంది కిటుకు. ఇద్దరూ సరిగ్గా ఒకే వ్యవధి ఆగి మళ్లీ పంపితే మళ్లీ గుద్దుకుంటాయి. ఫోన్‌లో మనకూ జరుగుతుంది కదా: ఇద్దరం ఒకేసారి మొదలుపెడతాం, ఇద్దరం ఆగుతాం, "మీరు చెప్పండి" అని మళ్లీ ఇద్దరం ఒకేసారి అంటాం. అందుకని అలోహాలో ఒక్కో సెట్టూ తనకు తోచినంతసేపు ఆగుతుంది, పాచికలు వేసినట్టు. ఒకరు ముందు లేస్తారు, ఒకరు తర్వాత లేస్తారు. గొడవ దానంతటదే సర్దుకుంటుంది.

వేగం సెకనుకు 9600 బిట్లు. బిట్ అంటే సున్నా లేదా ఒకటి, అంతకన్నా చిన్న సమాచారం లేదు. ఇవాళ ఫోన్‌లో తీసే 2 మెగాబైట్ల ఫోటోను ఆ దారిలో ఒక్కరే, ఏ అడ్డూ లేకుండా పంపినా దాదాపు 28 నిమిషాలు పడుతుంది. అప్పుడు వెళ్లేవి అక్షరాలే కాబట్టి సరిపోయింది.

లెక్క కడితే ఈ పద్ధతిలో దారి సామర్థ్యంలో ఎక్కువలో ఎక్కువ 18 శాతమే అక్కరకొస్తుంది. మన ప్యాకెట్ వెళ్తుండగా ఇంకొకటి బయల్దేరినా పాడే, అంతకు కాస్త ముందు బయల్దేరింది ఇంకా పూర్తికాకపోయినా పాడే. అంటే ప్యాకెట్ పొడవుకు రెండింతల సేపు ప్రమాదం ఉంటుంది. 1972లో లారెన్స్ రాబర్ట్స్ అనే అమెరికన్ నెట్‌వర్క్ ఇంజనీరు ఒక చిన్న సవరణ చెప్పాడు. కాలాన్ని గళ్లుగా విడదీసి, గడి మొదట్లో మాత్రమే పంపమన్నాడు. ప్రమాదం సగమైంది, ఫలితం 37 శాతానికి చేరువైంది. అయినా మిగతాదంతా వృథాయేనా అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. నాకైతే అది బేరంలా కనిపిస్తుంది. వంతులు వేసే యంత్రాంగం, దానికయ్యే ఖర్చు, అది చెడిపోతే వచ్చే తంటా, అన్నీ తప్పాయి.

అసలు భయం వేరే ఉంది. జనం పెరిగేకొద్దీ గుద్దుకోవడాలు పెరుగుతాయి, వాటివల్ల మళ్లీ పంపడాలు పెరుగుతాయి, దాంతో ఇంకా గుద్దుకుంటాయి. ఒక హద్దు దాటాక అందరూ పంపుతూనే ఉంటారు, ఎవరిదీ చేరదు. మేడారం లాంటి జాతరలో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా ఫోన్ కలవకపోవడం చాలామందికి అనుభవమే. కాల్ చేయాలంటే ఫోన్ ముందుగా "నాకు దారి ఇవ్వు" అని టవర్‌ను అడగాలి. ఆ అడగడం అందరికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనే, అలోహా నుంచి వచ్చిన పద్ధతిలోనే జరుగుతుంది. కాల్ కలవకపోవడానికి ఇతర కారణాలూ ఉంటాయి గానీ, ఈ తోపులాట వాటిలో ఒకటి. గీతలు చెప్పేది టవర్ మాట మనకు ఎంత బాగా అందుతోందో మాత్రమే. మన మాట దానికి అందిందో లేదో అవి చెప్పవు.

రాబర్ట్ మెట్‌కాఫ్ అనే కుర్రాడు హార్వర్డ్‌లో పీహెచ్‌డీకి పెట్టిన థీసిస్‌ను తిప్పికొట్టారు. అందులో సిద్ధాంతం చాలదన్నారు. అబ్రామ్సన్ వ్యాసం చదివి, దాని లెక్కలో లోపం పట్టుకుని, ఆ విశ్లేషణ చేర్చి డాక్టరేట్ సాధించాడు. అంతటితో ఆగలేదు. జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో ఒక కేబుల్ మీద కంప్యూటర్లను కలిపే పథకం వేశాడు. ఆ కంప్యూటర్ల పేరు ఆల్టో, అందుకే మొదట పెట్టుకున్న పేరు ఆల్టో అలోహా నెట్‌వర్క్. 1973 మే 22న రాసిన నోట్‌లో దాన్ని ఈథర్‌నెట్ అన్నాడు. ఇవాళ ఆఫీసుల్లో కంప్యూటర్ వెనక గుచ్చే కేబుల్‌కు ఆ పేరే.

ఆయన కలిపినవి రెండు మర్యాదలు. మాట్లాడే ముందు విను, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగు. అయినా గుద్దుకుంటే, గుద్దుకున్న ప్రతిసారీ ఆగే వ్యవధి పై హద్దును రెట్టింపు చేసుకుంటూ పో. రద్దీ పెరిగితే అందరూ వాళ్లంతట వాళ్లే నెమ్మదిస్తారు. ఇప్పటి ఈథర్‌నెట్‌లో ఒక్కో కంప్యూటర్‌కు స్విచ్ దాకా, అంటే తీగలన్నిటినీ కలిపే పెట్టె దాకా, సొంత తీగ ఉంటుంది కాబట్టి గుద్దుకునే గొడవే పోయింది.

వైఫై మాత్రం గాలిలోనే ఉంది. ఇదీ ముందు వింటుంది, ఆగుతుంది, పంపుతుంది, "అందింది" కోసం చూస్తుంది. అయితే వంటింట్లో ఉన్న ఫోన్‌కు, బాల్కనీలో ఉన్న ఫోన్‌కు మధ్య నాలుగు గోడలుంటే ఒకదాని మాట ఇంకొకదానికి వినపడదు. రెండూ గాలి ఖాళీగా ఉందనుకుని ఒకేసారి రౌటర్‌కు పంపేస్తాయి. ఇంకో సంగతి, దూరంగా మూలన ఉన్న ఫోన్ నెమ్మదిగా పంపుతుంది, అంటే అదే సమాచారానికి ఎక్కువసేపు గాలిని ఆక్రమిస్తుంది. దాని పని అయ్యేదాకా మిగతావాళ్లు ఆగాల్సిందే.

అపార్ట్‌మెంట్లలో అయితే పక్క ఫ్లాట్ల రౌటర్లు కూడా మన గాలిలోనే ఉంటాయి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు, అంటే విడివిడి దారులు, మూడే: 1, 6, 11. నెట్ నెమ్మదించగానే ఇంకా పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టే ముందు ఒక పని చేసి చూడండి. రౌటర్‌ను అల్మారాలోంచి తీసి ఇంటి నడుమ పెట్టండి. రౌటర్‌లో ఉంటే 5 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీకి మారండి. గోడకు బిగించిన టీవీ ఎటూ కదలదు కదా, దానికి కేబుల్ గుచ్చేయండి. సినిమా తీగలో వస్తుంది, గాలి ఫోన్లకు మిగులుతుంది.