యోని ముఖద్వారం నొప్పి: కిట్లు వాడినా తగ్గనప్పుడు
ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆశా కార్యకర్తలకు, మహిళా సంఘాల సభ్యులకు ఇచ్చిన ప్రసంగ పాఠం

అక్కలకూ అమ్మలకూ నమస్కారం. ఈరోజు అవయవాల పేర్లు పెట్టే మాట్లాడతాం. "కింద మంట" అని ఊరుకుంటే మూత్రంలో మంటా, దురదా, తెల్లబట్టా, కలయికలో నొప్పీ అన్నీ ఆ ఒక్క మాట చాటునే ఉండిపోతాయి.

లోపలి పెదవులు విడదీస్తే మూత్రద్వారం, యోనిద్వారం కనిపించే మెత్తటి భాగం పేరు వెస్టిబ్యూల్. అక్కడ తాకితే చాలు, కోసినట్టు మండటాన్ని 1987లో ఫ్రీడ్రిక్ అనే వైద్యుడు వెస్టిబ్యులైటిస్, అంటే వెస్టిబ్యూల్ వాపుగా వర్ణించారు. తర్వాతి పరీక్షల్లో చాలామందికి అసలైన వాపు కనిపించలేదు. అందుకే ఇప్పుడు డాక్టర్లు వెస్టిబ్యులోడినియా, అంటే వెస్టిబ్యూల్ నొప్పి అంటున్నారు. మూడు నెలలకు పైగా నొప్పి ఉండి, ఇంకే కారణమూ దొరకనప్పుడే ఈ నిర్ధారణ.

మన దగ్గర జరిగేది వేరు. మంట అనగానే తెల్లబట్ట లెక్కలో ఆకుపచ్చ కిట్ అనే మందుల పొట్లం చేతికొస్తుంది. అందులో ఉండేవి సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకోనజోల్ 150 మిల్లీగ్రాములు. ఇన్‌ఫెక్షన్ ఉంటే మంచి మందులే. లేకపోతే ఎన్ని కిట్లు మింగినా మంట అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఇక్కడో, ఏరు దాటి పాతపట్నంలోనో మందుల షాపులో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన క్రీమ్ కొంటారు. రెండు రోజులు హాయిగా ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి మంట పెరుగుతుంది. డెటాల్ నీళ్లు, వేపాకు కషాయం, సువాసన సబ్బులు కూడా ఇంతే. మామూలు నీళ్లతో కడిగి, మెత్తగా అద్దుకుంటే చాలు.

కాబట్టి ముందు పరీక్ష. తెల్లబట్టను గాజు స్లైడు మీద తీసి మైక్రోస్కోపులో ఫంగస్ చూడాలి. అది మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ చూడాలి. తెల్ల మచ్చలుంటే లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు. దానికి మాత్రం క్లోబెటాసోల్ అనే స్టెరాయిడ్ ఆయింట్‌మెంటే సరైన మందు, డాక్టరు చెప్పిన లెక్కలో. మానని పుండు, గడ్డ, రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకండి, ముక్క తీసి పరీక్ష చేయించాలి.

ఇవేవీ లేకపోతే దూదిపుల్ల పరీక్ష. తడిపిన పుల్లతో తొడ దగ్గర మొదలుపెట్టి, బయటి పెదవులు, ఆపైన వెస్టిబ్యూల్ చుట్టూ మెల్లగా తాకుతారు. ఆ చోటును గడియారంలా ఊహించుకోండి: పైన మూత్రద్వారం వైపు 12, కింద మలద్వారం వైపు 6. ప్రతి చోటా నొప్పి పదికి ఎంతో చెప్పాలి. ఒడియా సరిగా రాకపోయినా "ఆరు దగ్గర, పదికి ఎనిమిది" అంటే డాక్టరుకి అర్థమవుతుంది. యోనిని తెరిచి చూసే స్పెక్యులమ్ పరికరం అక్కర్లేదు, పెళ్లికాని అమ్మాయికీ చేయొచ్చు.

నొప్పి గడియారం లెక్కలో 5 నుంచి 7 మధ్య చోటులోనే ఉంటే చాలావరకు కటి కండరాల బిగుతు. పైనా కిందా అంతటా ఉంటే హార్మోన్లో నరాలో. బిడ్డకు పాలిస్తున్నప్పుడు, ముట్లుడిగాక, కొందరిలో మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాక ఈస్ట్రోజన్, టెస్టోస్టిరాన్ ప్రభావం తగ్గి ఆ పొర సున్నితమవుతుంది. మాత్రపై అనుమానం ఉంటే ముందు కాపర్-టీ లాంటి వేరే ఏర్పాటు చూసుకుని మానండి. మార్పు తెలియడానికి నెలలు పడుతుంది. ఈస్ట్రోజన్ క్రీమ్ రాసిస్తే శనగగింజంత వెస్టిబ్యూల్ మీదే రాయాలి, లోపలికి తోసేసి ఊరుకోకూడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ముందే చెప్పాలి.

మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ కావాలంటే 5 శాతం ఆయింట్‌మెంట్ అడగండి, షాపులో 2 శాతం జెల్లీ చేతిలో పెడతారు. కలయికకు 20 నిమిషాల ముందు రాసి, కలిసే ముందు తుడిచేయాలి, లేకపోతే ఆయనకూ మొద్దుబారుతుంది. రాసిన కాసేపు చురుక్కుమంటుంది. ఇది ఉపశమనమే. 2021లో వచ్చిన కెనడా అధ్యయనంలో 212 మంది మహిళల్ని రెండు జట్లు చేశారు: పది వారాల కటి ఫిజియోథెరపీ ఒకరికి, రాత్రిపూట లిగ్నోకైన్ ఇంకొకరికి. ఫిజియోథెరపీయే మేలనిపించుకుంది. మా ఓటూ దానికే. నరాల నొప్పికి వాడే అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రలకు అంత గట్టి రుజువు లేదు. ఇస్తే రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. నోరెండటం, మలబద్ధకం, మగత ఉంటాయి. హఠాత్తుగా మానకూడదు.

ఇంట్లో చేసేది ఇది. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోండి. కడుపు పైకి లేచేలా నాలుగు అంకెల లెక్కన ఊపిరి తీసుకుంటూ, మూత్రం మొదలయ్యేటప్పుడు వదిలినట్టు కింది కండరాలు వదలండి. ఊపిరి విడిచేటప్పుడు బిగించకండి. పూటకు పది నిమిషాలు, రెండు పూటలా. బిగించే కెగెల్ వ్యాయామం వీళ్లకు నొప్పిని పెంచుతుంది. కాన్పయినవాళ్లకు చెప్పినట్టే అందరికీ చెప్పేస్తుంటారు, అదే తప్పు. ఇది కుదిరాక, గోరు తీసిన శుభ్రమైన వేలికి కొబ్బరినూనె రాసి ద్వారం దగ్గర ఉంచి అలాగే ఊపిరి తీయండి. నొప్పి పదికి మూడు దాటితే ఆగండి. నిరోధ్ వాడే రోజు నూనె వద్దు, రబ్బరు చిరుగుతుంది.

కొత్తగా పెళ్లైన జంటల్లో అమ్మాయికి ఇష్టం లేదనో, నటిస్తోందనో అత్తింట్లో మాటలు పడతాయి. భర్తను కూర్చోబెట్టి చెప్పండి: నొప్పి ఓర్చుకుంటూ కలిసిన ప్రతిసారీ కండరం ఇంకా బిగుసుకుంటుంది. కొన్నాళ్లు లోపలికి చేర్చకుండా ఉండమనడమే మందులో భాగం.

వీటన్నిటితో నెలల తరబడి ప్రయత్నించినా తగ్గకపోతే, నొప్పి ఉన్న పొరను తీసేసే వెస్టిబ్యులెక్టమీ అనే ఆపరేషన్ ఉంది. బాగా ఎంచి చేసినవాళ్లలో ఎక్కువమందికి నొప్పి తగ్గుతుంది. అయితే అది చేసిన అనుభవం ఉన్నవాళ్లే చేయాలి. బ్రహ్మపుర ఎంకేసీజీ ఆసుపత్రికో, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికో పంపేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, ఖాళీవి సహా, సంచిలో వేసి పంపండి. చీటీ ఏ భాషలో ఉన్నా ట్యూబు మీద మందు పేరు ఉంటుంది.